పగటిపూట ఫ్యాన్

అనసూర్య ఇంట్లో పగటిపూట ఫ్యాన్ తిరగదు. ఫ్యాన్ లేక కాదు, కరెంటు లేక కాదు. మెట్‌పల్లిలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఈ మాట ముందు నమ్మరు, తర్వాత ఆమె ఒళ్లో ఉన్న చాట చూసి ఓహో అంటారు. చాటలో బీడీల్లో నింపే తంబాకు, అంటే పొగాకు పొడి, ఉంటుంది. గాలి తగిలితే లేచి కళ్లలో పడుతుంది. తడిపి కత్తిరించిన తునికాకు గాలికి ఎండిపోయి, చుట్టబోతే చిట్లుతుంది. చిట్లిన ఆకుతో చేసిన బీడీని కార్ఖానాలో ఏరి అవతల పడేస్తారు. అందుకే బీడీలు చేసే ఏ ఇంట్లోనైనా చాట ఒళ్లోకి వస్తే ఫ్యాన్ బంద్, చాట కింద పెడితే ఫ్యాన్ చాలూ. ఈ కట్టుబాటును ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు, ఎవరూ తప్పనూ లేదు.

పదకొండో ఏట తల్లి ఆమె ఒళ్లో చాట పెట్టింది. పెళ్లిచూపుల్లో పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. "రోజుకెన్ని చేస్తవు పిల్లా?" అని అడిగారు. తల వంచుకునే "వెయ్యి" అంది. అబద్ధం కాదు, వెయ్యి చేసేది. పెళ్లయ్యాక భర్త రామచంద్రం సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి పోయి, పదిహేను రోజులకోసారి ఇల్లు చూసే మనిషయ్యాడు. వెయ్యి బీడీలు మాత్రం రోజూ అవుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఆమెకు నలభై ఏడు. అంటే ముప్పయ్యారేళ్లుగా పగటిగాలి ఎరగని మనిషి. ఇది విని అయ్యో పాపం అనేవాళ్లుంటారు. అనసూర్య ముందు మాత్రం అనకండి, "నాకేం పాపం? నా చేతులు చూసినవా?" అని మొహం మీదే అడుగుతుంది. నిజంగానే చూడాల్సిన చేతులవి. మాట్లాడుతూ ఉంటుంది, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉంటుంది, వేళ్లు వాటి పాటికి అవి ఆకు చుట్టి, మూతి మలిచి, దారం వేసి బీడీని చాటలో పడేస్తుంటాయి.

ఆమెకున్న భయం ఒక్కటే. ఆ చాట కూతురి ఒళ్లోకి రాకూడదు. సృజన ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆటగా ఒక బీడీ చుట్టి, మూతి చక్కగా మలిచి, తల్లికి చూపించింది. ఇంకో తల్లయితే మురిసిపోయేది. అనసూర్య ఆ బీడీని విప్పి, ఆకు పొయ్యిలో వేసి, పిల్లను బయటికి పోయి ఆడుకొమ్మంది. ఆ రోజు పిల్ల ఏడ్చింది. తల్లి ఊరుకోబెట్టలేదు.

ఆ పిల్లే డిగ్రీ అయ్యాక, కోరుట్లలో ఓంప్రకాశ్ అనే ఆయన ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోలు కత్తిరించి అతికే పని పట్టింది. పొద్దున స్టూడియోకు పోయి బొమ్మలు ఏరుకొని రావడం, మిగతా పని ఇంట్లో చేసుకోవడం. దానికి కంప్యూటర్ కావాలి. సృజన తయారుగా ఉన్నది కొనలేదు, కరీంనగర్ నుంచి ఒక్కో భాగమే తెచ్చి ఇంట్లో కట్టుకుంది. మార్చిలో ఒక ఆదివారం పొద్దున చాప మీద అన్నీ పరిచి, ఫోన్‌లో వీడియో పెట్టుకొని కూర్చుంది. వీధి చివర కూలర్ మోటర్లకు వైండింగ్ చేసే జహీర్ కూడా వచ్చి గడపలో కూర్చున్నాడు, సహాయానికి సగం, వింత చూడటానికి సగం.

బోర్డు బిగిసింది, పైన ప్రాసెసర్ కూర్చుంది, దాని నెత్తిన దాని ఫ్యాన్ కూర్చుంది. ఇక వీటన్నిటినీ మూసే ఇనప డబ్బాకు పెట్టే ఫ్యాన్లు మిగిలాయి. డబ్బాకు ముందొకటి, వెనకొకటి.

"ముందటిది సల్లగాలిని లోపలికి గుంజుతది అవ్వా. వెనకది లోపలి ఉడుకును బయటికి తోలుతది. గంతే" అని తల్లికి చెప్పింది సృజన.

దీనికీ మనలాగే ఉక్కపోస్తుందన్నమాట, అనుకుంది అనసూర్య. ఆ అనుకోవడంలోనే రాబోయే తంటా అంతా ఉంది కానీ, అప్పుడెవరికి తెలుసు?

వెనక ఫ్యాన్ గాలిని ఎటు తోలుతుందో సృజనకు అనుమానం వచ్చింది. చట్రం మీద బాణం గుర్తు ఉంటుందట, దీని మీద అరిగిపోయింది. పాత సరుకు. ఫోన్‌లో వెతకబోతుంటే అనసూర్య తన దారాల డబ్బాలోంచి జానెడు బీడీ దారం తెంపి ఇచ్చింది. "గీ దారం పట్టుకొని చూడు, గాలి ఎటుంటే అటు పోతది." ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చి చూశారు. దారం బయటికి ఎగిరి నాట్యం చేసింది. జహీర్ చప్పట్లు కొట్టాడు. "ఇరవై ఏండ్ల సంది మోటర్లు చుడుతున్న, నాకు రాలే గీ ఆలోచన!" అన్నాడు. సృజన ఆ దారాన్ని వెనక జాలీకే ముడివేసి వదిలేసింది.

బోర్డు మీద డబ్బా ఫ్యాన్లకు ఒక్కటే చోటు ఉంది. ఫ్యాన్లు రెండు. అందుకని సృజన ఒక జంట వైరు తెచ్చింది, ఒక చివర రెండు తోకలు, ఇంకో చివర ఒకటే తల. రెండు తోకలకూ రెండు ఫ్యాన్లు తగిలించింది. తల మాత్రం లోపల మూలకు, ఇరుకులో పెట్టాలి. సృజన వేళ్లు దూరలేదు. మూడుసార్లు ప్రయత్నించి, చెయ్యి గీరుకుపోయి, విసుగుతో కళ్లనీళ్లు పెట్టుకుంది.

"జరుగు" అంది అనసూర్య. బీడీ మూతి మలిచే వేళ్లకు ఆ ప్లగ్గు ఒక లెక్కా? చూడకుండానే గాడి తడిమి, మెల్లగా నొక్కింది. కూర్చుంది. అంతలోనే ఆమె మొహం మారింది.

"ఒక పుల్ల బయటనే మిగిలిందే. తప్పు పెట్టిన్నా?"

"లేదవ్వా. బోర్డుకు నాలుగు పుల్లలుంటయి, మన ప్లగ్గుకు మూడే తొర్రలు. గట్లనే ఉంటది."

"షాక్ గిట్ల కొడతదా?"

"గీ సన్న వైర్లల్ల ఏం షాక్ రాదక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు జహీర్. పాపం మంచికే అన్నాడు.

ఆ ఇల్లంతా ఒకటే గది. ప్లగ్గు పాయింటు ఉన్నది కిటికీ పక్కన, అనసూర్య కూర్చునేదీ వెలుతురు కోసం కిటికీ పక్కనే. డబ్బాను ఆమె పక్కన ముక్కాలిపీట మీద పెట్టారు, వెనక భాగం సరిగ్గా ఆమె చాట వైపు. మర్నాడు సృజన కంప్యూటర్‌కు పని పెట్టి స్టూడియోకు పోయింది. అనసూర్య చాట ఒళ్లోకి తీసుకుంది. డబ్బా వెనక నుంచి వచ్చే గాలికి తంబాకు లేచింది. దగ్గింది. ఇటు జరిగితే వెలుతురు లేదు, అటు జరిగితే గోడ. బిడ్డకు చెబితే ఏం చేస్తుంది, ఇల్లు సాగదీస్తుందా? అందుకని డబ్బా పక్క రేకు జరిపి, తను పెట్టిన ప్లగ్గును తనే పీకింది. ఒక్క ప్లగ్గుకు రెండు ఫ్యాన్లూ ఆగాయి. లోపల ప్రాసెసర్ నెత్తిమీది ఫ్యాన్ మాత్రం బుయ్యిమంటూనే ఉంది, దాని గాలి బయటికి రాదు. రేకు మళ్లీ మూసేసింది. ఆమె దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. చాట ఒళ్లోకి వచ్చింది, ఫ్యాన్ బంద్ అయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు సృజన వచ్చే వేళకు చాట కింద పెట్టి, పైన తిరిగే ఫ్యాన్ వేసి, ఆ చేత్తోనే డబ్బా ప్లగ్గు కూడా పెట్టేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, చిన్న చిన్న పాటల వీడియోలు, గంట పని, ఏమీ కాలేదు. ఏమీ కాకపోబట్టే అది అలవాటైపోయింది. పైగా ఆమె ఒక లాభం కూడా కనిపెట్టింది. ఫ్యాన్ ఆపిన డబ్బా పైభాగం రొట్టెల పెనంలా వెచ్చగా ఉండేది. కొత్తగా కట్టిన బీడీ కట్టలు దాని మీద పేరిస్తే భలే ఆరేవి. కంప్యూటర్ వల్ల బీడీలకు ఇంత ఉపకారమని ఏ కంపెనీ చెప్పలేదు.

మేలో ఓంప్రకాశ్ సృజనకు ఒక పరీక్ష పెట్టాడు. హుజూరాబాద్ వాళ్ల పెళ్లి, మూడు గంటల సినిమా. "శుక్రవారం పొద్దున నా చేతుల ఉండాలె బిడ్డా. సాయంత్రం వాళ్ల రిసెప్షన్ల ఏస్తరు. టైముకిచ్చినవనుకో, ఈ సీజన్ పెండ్లిళ్లన్నీ నీకే. ఇయ్యలేకపోయినవనుకో, నేను కరీంనగర్‌ల ఇంకొకళ్లను చూసుకుంట" అన్నాడు. సృజన ఆదివారానికే కత్తిరింపులన్నీ ముగించింది. ఇక మిగిలింది కంప్యూటర్ పని. ముక్కలన్నీ కలిపి ఒకే సినిమాగా వండి దించాలి. దానికి అయిదు గంటలు పడుతుంది, మధ్యలో ఆగితే ఎసరు పెట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలు. మధ్యాహ్నం తర్వాత పెడదామంటే, ఆ వారమంతా సాయంత్రమైతే చాలు గాలిదుమారం, దాని వెంటే కరెంటు వచ్చి పోవడం. పొద్దున్నే పెట్టాలి.

సోమవారం తొమ్మిదింటికి పెట్టి పోయింది. వచ్చేసరికి డబ్బా చల్లారి కూర్చుంది. "దానంతట అదే బంద్ అయింది" అంది అనసూర్య. నిజమే చెప్పింది. మంగళవారం మళ్లీ అంతే. సాయంత్రం జహీర్ వచ్చి చూశాడు. డబ్బా వెనక దారం చక్కగా ఎగురుతోంది, గంటసేపు నడిపించినా ఏమీ కాలేదు. "కరెంటు ఎక్కువ తక్కువ వస్తుంది" అని తేల్చి, గోడకు కొత్త పాయింటు బిగించిపోయాడు. బుధవారం పొద్దున అనసూర్య ఉప్పు మిరపకాయలు పిడికిట్లో పట్టి కంప్యూటర్‌కు దిష్టి తీసింది. మనస్ఫూర్తిగా తీసింది. తర్వాత కూర్చొని, చాట ఒళ్లోకి తీసుకొని, ప్లగ్గు పీకింది.

పదకొండున్నరకు డబ్బా ఆగిపోయింది.

ఆ సాయంత్రం సృజన అన్నం తినలేదు. గోడకు ఆనుకొని, మోకాళ్ల మీద తల పెట్టుకొని కూర్చుంది. "ఇగ నాతోని కాదు. ఓంప్రకాశ్ సార్‌కు ఫోన్ చేసి చెప్పేస్త. ఇయ్యాల చెప్తే రేపు ఇంకొకళ్లతోని చేయించుకుంటడు" అంది. నవ్వులాంటిది ఒకటి నవ్వి, "నాక్కూడ ఒక చాట తేవే అవ్వా. మూతి మలుచుడు నాకొస్తది, నువ్వు మర్చిపోయినవేమో" అంది.

అనసూర్యకు గుండెలో కత్తెర దిగినట్టయింది. మర్చిపోలేదు. ఆ విప్పిన ఆకు, పొయ్యిలో ముడుచుకుపోయిన తీరు కూడా మర్చిపోలేదు.

అప్పుడే జహీర్ ఫోన్ చేశాడు. సృజన ఫోన్‌ను చాప మీద పెట్టి మాట్లాడింది, గదిలో అందరికీ వినపడుతోంది.

"చెల్లె, నేను షాపుల కూసోని సోచాయించిన. కరెంటు కాదు. అది హీటయ్యే బంద్ అయితుంది. మోటర్ కాలకుంట కట్ అయినట్టు, గిది కూడ తనను తాను కాపాడుకుంటది. లోపల గాలి ఆడతలేదు కావొచ్చు."

"గాలి మంచిగనే ఆడుతుందన్నా. మొన్న నువ్వు కూడ చూస్తివి కదా."

"చూసిన. అదే నాకు సమజైతలేదు. రేపు మళ్ల వచ్చి చూస్త" అని పెట్టేశాడు.

హీట్ అన్న మాట అనసూర్య చెవిలో పడింది. ఆమె చూపు డబ్బా పైకి పోయింది. పొద్దున ఆరబెట్టిన కట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంది. సోమవారం కట్టలు, మంగళవారం కట్టలు, బుధవారం కట్టలు, ఎంత బాగా ఆరాయని మురిసిపోయిందో గుర్తొచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేదు, ఊరుకోలేదు.

ఊరుకోవచ్చు కూడా. రేపు ప్లగ్గు పీకకుండా ఉంటే సరి. యంత్రం నడుస్తుంది, జహీర్ వచ్చి తల గోక్కుంటాడు, దిష్టి పోయిందని తను అంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నేను కల్పించి చెప్పడం లేదు, ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. ముప్పయ్యారేళ్లలో ఒక్క బీడీలోనూ తంబాకు తక్కువ పెట్టని మనిషికి కూడా అలాంటి ఆలోచన వస్తుంది. కానీ సృజన అప్పటికే ఫోన్ తీసి ఓంప్రకాశ్ పేరు వెతుకుతోంది.

"ఆగు బిడ్డా. చెయ్యకు."

"ఏందవ్వా?"

"నేనే పీకుతున్న."

సృజనకు అర్థం కాలేదు. అనసూర్య లేచి, డబ్బా పక్క రేకు జరిపి, లోపలికి వేళ్లు పోనిచ్చి, ప్లగ్గు తీసి చూపించింది. జాలీకి కట్టిన దారం వాలిపోయింది. మళ్లీ పెట్టింది. దారం లేచింది. "చాట పట్టుకున్నప్పుడు తీస్త. నువ్వొచ్చేముందు పెడత. మార్చి సంది."

సృజన చేతిలోని ఫోన్‌ను చాప మీదికి విసిరింది. మొదలుపెట్టాక ఆగలేదు. "మూడు దినాలవ్వా! మూడు దినాల సంది పిచ్చిలేసినట్టు తిరుగుతున్న. జహీరన్న గోడ పగలగొట్టె. నువ్వు దిష్టి తీస్తివి! దిష్టి తీసి మళ్ల ప్లగ్గు పీకితివి! ఒక్క మాట చెప్తే ఏమైతుండె? ఎందుకు పీకినవు?"

"తంబాకు లేస్తుందే. కండ్లల్ల పడుతుంది."

"మరి దానికి గాలి కావాలె గదా? నేను ఆ దినమే చెప్పిన గదా?"

అనసూర్య డబ్బా పక్క రేకు మూసేసింది. "చెప్పినవు. ముప్పయ్యారేండ్ల సంది నేను గాలి లేకుంట పని చేస్తలేనా బిడ్డా? దానికేమైతది అనుకున్న."

సృజన తల్లి మొహంలోకి చూసింది, తర్వాత చూడలేక కిందికి చూసింది. ఈసారి గొంతు తగ్గింది.

"మనిషి ఓర్చుకుంటడవ్వా. మిషన్ ఓర్చుకోదు. ఉడుకు ఎక్కువైతే బంద్ పెట్టి కూసుంటది."

"దానికి తెలివున్నది" అంది అనసూర్య.

"మరి మధ్యాహ్నం మళ్ల ఎందుకు పెడుతుంటివి?"

"నువ్వు ఎండల పడి వస్తవని."

"అది నాకొచ్చే గాలి కాదవ్వా. అది మిషన్ గాలి."

"నాకేం తెలుసు. నువ్వొచ్చే యాళ్లకు ఇంట్ల తిరిగేటియన్ని తిరగాలె అనుకున్న."

సృజన లేచి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. కాసేపటికి కంచం తెచ్చుకొని అన్నం తింది.

గురువారం పొద్దున అనసూర్య ఆకు తడపలేదు. పొరుగింటి సక్కుబాయి కిటికీలోంచి చూసి, "ఏమయిందక్కా, పెయ్యి మంచిగ లేదా?" అని, ఒంట్లో బాగాలేదేమోనని ఆదుర్దాగా అడిగింది. చాట లేని అనసూర్యను ఆమె ఎన్నడూ చూసి ఎరగదు మరి. తొమ్మిదింటికి సృజన కంప్యూటర్‌కు పని పెట్టి, స్టూడియోకు పోకుండా అక్కడే కూర్చుంది. గది చల్లగా ఉంటే డబ్బాకూ మంచిదని పైన ఫ్యాన్ కూడా వేసింది.

"బంద్ చెయ్, లేస్తది" అంది అనసూర్య వెంటనే.

"ఏం లేస్తదవ్వా?"

ఒళ్లోకి చూసుకుంది. ఏమీ లేదు. ఖాళీ చీర కుచ్చిళ్లు. అయినా చేతులు ఊరుకోలేదు, బొటనవేలు చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటూ లేని ఆకును చుడుతూనే ఉన్నాయి. పది దాటింది. పదకొండున్నర దాటింది. ఇద్దరూ డబ్బా వైపు చూశారు. దారం ఎగురుతూనే ఉంది. అనసూర్య అరచెయ్యి డబ్బా పైన పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది, అంతే. జహీర్ వచ్చాడు, సంగతి విని గడప మీద కూలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ముక్కాలిపీటకు, కిటికీకి మధ్య మూరెడు చోటును చేత్తో కొలిచాడు. "రేపు ఒక చెక్క కొడతనక్కా. డబ్బాను పైకి ఎక్కిద్దం, ఈపు కిటికీ దిక్కు. గాలి బయటికే పోతది, నీ చాట జోలికి రాదు. ఒక్క మాట అంటే మార్చిలనే కొడుతుంటి" అన్నాడు. చెయ్యి కాలాక ఆకు పట్టుకున్నట్టే, కానీ పట్టుకున్నారు.

రెండుంపావుకు సినిమా మొత్తం దిగింది. సృజన మొదలూ చివరా నడిపించి చూసుకొని, ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. "ఒక దినం ముందుగాలనే? అచ్ఛా. అయితే ఆదివారం రా, మిగిలిన పెండ్లిళ్లు తీస్కపో" అన్నాడాయన. పెట్టేశాక సృజన ఫోన్‌ను గుండెలకు ఆనించుకొని కళ్లు మూసుకుంది. అనసూర్య నీళ్లు నిండిన కళ్లను దాచుకోలేదు, తుడుచుకోనూ లేదు.

బయట ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. ఆమె పొద్దుట్నుంచీ అదే చోట, తిరిగే ఫ్యాన్ కింద కూర్చుంది. మెడ మీద చెమట ఎప్పుడో ఆరిపోయింది. వీపు చల్లబడింది. మే నెల, మధ్యాహ్నం రెండున్నర, ఆమెకు చలి పుట్టింది. కొంగు తీసి భుజాల నిండా కప్పుకుంది.

సృజన చూసింది. "సలి పెడుతుందా అవ్వా? ఫ్యాన్ బంద్ చెయ్యనా?"

"వద్దు" అంది అనసూర్య. "ఉండనీ."